ఆంధ్రశబ్దచింతామణి: కర్తృనామము, ప్రామాణ్యము

గ్రంథమునకుఁ బ్రామాణ్యము కర్తపేరువలనఁ గలుగునా, లేక గ్రంథములోని విషయమువలనఁ గలుగునా యను ప్రశ్నకుఁ దెలుఁగు వ్యాకరణచరిత్రకంటెఁ దగిన పరీక్షాస్థలము దొరకుట యరిది. ఆంధ్రశబ్దచింతామణి యను సంస్కృతసూత్రగ్రంథము నన్నయభట్టారకకృతమని విద్వల్లోకము చిరకాలము విశ్వసించినది. ఆ విశ్వాసముతోడనే కవుల ప్రయోగములు తూఁచఁబడినవి. ఇది సాధువు, ఇది యసాధువు అను తీర్పులు చెప్పఁబడినవి. ఆ పేరు సత్యమగునా యను సందేహము పుట్టిన పిమ్మట విద్వాంసులు రెండు తెగలైరి. పేరు నిలువదు గావున గ్రంథమును నిలువదని యొక తెగవారనిరి. గ్రంథము పడిపోరాదు గావునఁ బేరు సత్యమే కావలయునని రెండవ తెగవారనిరి. పరస్పరవిరుద్ధములుగాఁ గానవచ్చు నీ రెండు పక్షములకును మూలమైన భ్రాంతి యొక్కటియే. అది పేరును, ప్రామాణ్యమును అభిన్నములుగా భావించుట.

వక్తకును, వాక్యప్రామాణ్యమునకును గల సంబంధమునుగూర్చి మన శాస్త్రములలో విచారము లేకపోలేదు. మీమాంసకులు వేదము పౌరుషేయము కాదనిరి. వాక్యమునకు దోషములు వక్తవలనఁ గలుగును. వక్తయే లేనిచో దోషమునకుఁ జోటులేదు. కావున వేదము స్వతఃప్రమాణమని వారి యాశయము. కర్త లేకుండుటయే ప్రామాణ్యమునకు హేతువని వారు చెప్పినట్లయినది. నైయాయికులు దీని కొప్పుకొనక, ఆప్తుని వాక్యమే శబ్దప్రమాణమనిరి. అయితే ఆప్తుఁడన నెవ్వఁడు? విషయమును స్వయముగా నెఱిఁగి, ఎఱిఁగినదానిని ఎఱిఁగినట్లు చెప్పఁగోరువాఁడని వాత్స్యాయనుఁడు న్యాయభాష్యమున నిర్వచించెను. ఈ లక్షణము ఋషులకును, ఆర్యులకును, మ్లేచ్ఛులకును సమానమని కూడ నాతఁడు స్పష్టపఱచెను. కులముగాని, కీర్తిగాని, ప్రాచీనతగాని యా లక్షణమునఁ జేరలేదు. ఇఁక వైయాకరణులు మునిత్రయములో నుత్తరోత్తరునకే ప్రామాణ్యాధిక్యమును జెప్పుదురు. పాణినికంటెఁ గాత్యాయనుఁడు, కాత్యాయనునికంటెఁ బతంజలి ప్రమాణతరులు. పాణినికిఁ గొఱఁత కలదని కాదు. తరువాతివాఁడు లక్ష్యమును మఱింత చూచినవాఁడు గావున నీ వ్యవస్థ యేర్పడినది. పాణినిసైతము తనకుఁ బూర్వులైన 10 మంది యాచార్యులను బేరులతోఁ బేర్కొని, వారి మతములను జెప్పి, ఆ పేరులకు లొంగిపోక తన శాస్త్రమును రచించెను.

ఈ మూఁడు మతములలో నేది స్వీకరించినను, ప్రాచీనుఁడైన మహాపురుషుని పేరు తగిలింపఁబడినంత మాత్రమున వాక్యము ప్రమాణమగునను సిద్ధాంతము లభింపదు. చింతామణి విషయమున మాత్రము తెలుఁగుదేశమున జరిగినది దీనికి విపర్యయము.

చింతామణి ఆర్యావృత్తములలో రచింపఁబడిన చిన్నగ్రంథము. దానియందలి ఆర్యలు నూఱింటికి లోఁబడినవి. సంజ్ఞ, సంధి, అజంతము, హలంతము, క్రియ యని 5 పరిచ్ఛేదములు. ఇది విద్వత్ప్రచారమునకు వచ్చినది 17వ శతాబ్దిలో ఎలకూచి బాలసరస్వతి తెలుఁగు టీకతోడ. బాలసరస్వతి సామాన్యుఁడు కాఁడు. రాఘవయాదవపాండవీయమను త్ర్యర్థికావ్యమును రచించిన ప్రౌఢకవి. ఉభయభాషలలోను శబ్దార్థములపై నధికారము గలవాఁడు. తరువాతఁ గాకునూరి అప్పకవి 1656లో నప్పకవీయమునకుఁ బూనుకొనెను. చింతామణికిఁ దెలుఁగు పద్యములలో వివరణముగా నా గ్రంథము తలపెట్టఁబడినది. పిమ్మట అహోబలపండితుఁడు సంస్కృతమున విపులమైన వ్యాఖ్య రచించెను. నన్నయనామమును చింతామణికి లోకమున సుప్రతిష్ఠితము చేసినవారు ఈ వ్యాఖ్యాతలు.

ఆ నామమునకు సమర్థనముగా అప్పకవి చెప్పిన కథ పండితులకు సుపరిచితము. నన్నయకును వేములవాడ భీమకవికిని వైరము కలదఁట. భీమన రచించిన రాఘవపాండవీయమును నన్నయ యణఁచివేసెనఁట. దానికిఁ బ్రతీకారముగా భీమన చింతామణిని గోదావరిలోఁ గలిపెనఁట. రాజరాజనరేంద్రుని కుమారుఁడైన సారంగధరుఁడు బాల్యమున నా సూత్రములను నన్నయయొద్ద నభ్యసించియుండెను. అతఁడు సిద్ధుఁడై, చిరకాలము జీవించి, మతంగపర్వతముచెంత బాలసరస్వతికి వానిని ప్రసాదించెనఁట. ఈ వృత్తాంతమంతయు విష్ణువు స్వప్నమున సాక్షాత్కరించి తెలిపినట్లు అప్పకవి వ్రాసెను.

ఈ కథను భక్తితోఁ జదువవచ్చును. చరిత్రగాఁ జదువునపుడు మాత్రము పరీక్షింపవలసియుండును. రాజరాజనరేంద్రుఁడు 1022 మొదలు 1061 వఱకు వేంగీరాజ్యము నేలినవాఁడు. బాలసరస్వతి 17వ శతాబ్దివాఁడు. నడుమ 5 శతాబ్దులకుఁ బైఁబడిన కాలము కలదు. అంత కాలములో నొక గురువు శిష్యునకుఁ జెప్పెననిగాని, ఒక లేఖకుఁడు ప్రతి వ్రాసెననిగాని కథలో లేదు. ఆ యగాధమును దాఁటించుటకుఁ జావులేని యొక్క పురుషుఁడు కావలసివచ్చెను. కావున సిద్ధుఁడు వచ్చెను. రాజరాజునకుఁ గుమారుఁడుగా శాసనములలోఁ బ్రసిద్ధుఁడు కులోత్తుంగచోడుఁడు. అతఁడు 1070లోఁ జోళసింహాసన మెక్కినవాఁడు. సారంగధరుఁడు సిద్ధుల కథలకుఁ జెందినవాఁడు. గౌరన నవనాథచరిత్రమున నాతని వృత్తాంతము నాథసిద్ధుల నడుమనే యున్నది. చరిత్రపురుషుఁడైన రాజునకుఁ గథాపురుషుఁడైన కుమారుని జతపఱచి, ఆ కుమారుని నోట శాస్త్రమును బలికించుట యిందుఁ గనఁబడుచున్నది.

మఱియొక సాక్ష్యము కేతనది. తిక్కనకు దశకుమారచరిత్రము నంకితమిచ్చిన మూలఘటిక కేతన 13వ శతాబ్దిలో ఆంధ్రభాషాభూషణమును రచించెను. సంస్కృతప్రాకృతాదులకు లక్షణము చెప్పిన పూర్వులు తెలుఁగునకుఁ జెప్పకుండుట వారి నేరమి కాదనియు, తన్ను ధన్యునిఁ జేయఁదలఁచి యా యవకాశమును విడిచిరనియు నాతఁడు చమత్కారముగాఁ జెప్పుకొనెను. నన్నయకుఁ దరువాత రెండు శతాబ్దులకు, తిక్కనవంటి మహాకవి సన్నిధిని మెలఁగిన లాక్షణికుఁడు, నన్నయవ్యాకరణమున్నదని యెఱిఁగియుండియు నిట్లు చెప్పఁగలఁడా? కథను నమ్మువారు దీనికి సమాధానము చెప్పుదురు. గ్రంథము గోదావరిలోఁ గలిసినది గావునఁ గేతన యెఱుఁగఁడందురు. నిజమే, ఆ కథ యా ప్రశ్నకుఁ దగిన యుత్తరముగానే యున్నది. కాని ప్రతి ప్రశ్నకును ముందుగానే యుత్తరము సిద్ధపఱచుకొన్న కథయే యెక్కువ శంకింపఁదగినది. గ్రంథము కానరాకుండుటకు నది, పరంపర లేకుండుటకు సిద్ధుఁడు, సాక్షి లేకుండుటకు స్వప్నము: ఇట్లు లోపమున్న ప్రతిచోట నొక యద్భుతము నిలిపినచో, ఏ గ్రంథమునైనను ఏ కర్తకైనను అంటఁగట్టవచ్చును.

నన్నయపక్షమును న్యాయముగా వినవలసియున్నది. భారతావతారికలో నన్నయకు శబ్దశాసనుఁడను విశేషణము కలదు. తరువాతివారు ఆతనిని వాగనుశాసనుఁడని కీర్తించిరి. శబ్దములను శాసించినవాఁడు శాస్త్రము రచించియుండకుండునా యని వాదము. కాని శబ్దశాస్త్రమున నిష్ణాతుఁడగుట వేఱు, శబ్దశాస్త్రమును రచించుట వేఱు. అదియునుగాక, సుస్థిరమైన కావ్యభాషను నెలకొల్పిన మహాకవి తన ప్రయోగములచేతనే వాగనుశాసనుఁడు కావచ్చును. బిరుదము గ్రంథమునకు సాక్ష్యము కానేరదు. రెండవ వాదము కొంత బలవత్తరము. దేశభాషకు సంస్కృతసూత్రములతో వ్యాకరణము రచించుట నన్నయనాఁటి వాతావరణమున కసంభవము కాదు. కన్నడమున నాగవర్మ కర్ణాటకభాషాభూషణము సంస్కృతసూత్రములతోనే యున్నది. నన్నయకు భారతరచనలో సహాయుఁడైన నారాయణభట్టు సంస్కృత కర్ణాట ప్రాకృత పైశాచికాంధ్రభాషలలోఁ గవిశేఖరుఁడని నందంపూఁడి శాసనము పొగడుచున్నది. అట్టి గోష్ఠిలో వ్యాకరణము పుట్టుట సంభావ్యమే. అయినను సంభావ్యత సిద్ధి కాదు. సంస్కృతసూత్రరూపము ప్రాచీనతకు విరుద్ధము కాదని మాత్ర మిందువలనఁ దేలును. ప్రాచీనతకు సాధకమని తేలదు. ఏలయన భట్టాకలంకదేవుఁడు కర్ణాటకశబ్దానుశాసనమును 1604లో సంస్కృతసూత్రములతోనే రచించెను. చింతామణి 11వ శతాబ్దిలోఁ బుట్టవచ్చునన్న యుక్తియే 17వ శతాబ్దిలోఁ బుట్టవచ్చుననుటకును సరిపోవును.

ఈ భట్టాకలంకుని యుదాహరణము మఱియొక విధమునఁ గూడ నుపకరించును. ఆతఁడు తన శాస్త్రమును దన పేరుతోనే లోకమున కిచ్చెను. కేతన తన పేరు చెప్పుకొనెను. నన్నయయు భారతమునఁ దన పేరు చెప్పెను. 1053 నాఁటి నందంపూఁడి శాసనమునకుఁ గావ్యకర్తగాఁ దన పేరు వ్రాసికొనెను. అట్లుండఁగాఁ జింతామణికి మాత్రమే సిద్ధుఁడును, స్వప్నమును ఏల కావలసివచ్చెను? బాలసరస్వతియే కర్తయై నన్నయపేరు పెట్టెనని కొందఱు విమర్శకులు తలఁచిరి. అది నిశ్చయమని చెప్పుటకుఁ దగిన యాధారము లేదు. కర్త యెవ్వఁడైనను, ఆ పేరు ఎట్టి యవసరమును దీర్చినదో యూహింపవచ్చును. కవులు నిరంకుశులను మాట లోకమున రూఢమైనది. అట్టివారికి విధినిషేధములు చెప్పువాఁడు వారికంటె నధికుఁడు కావలయును. సమకాలికుఁడైన పండితుఁడు, నీ ప్రయోగము తప్పనినచోఁ గవి, నీవెవ్వఁడవని ప్రశ్నించును. ఆదికవి చెప్పెననినచో నోరు మూయును. కావున నా పేరు శాస్త్రమునకు సింహాసనమైనది.

ఆ సింహాసనమువలన లాభము కలుగలేదనుట కృతఘ్నత. నన్నయనామముపై గౌరవముచేతనే పండితులు చింతామణిని శ్రద్ధతోఁ బఠించిరి, పదపదమును విమర్శించిరి, టీకలు వ్రాసిరి. ఆ పరంపరలోనే పరవస్తు చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణమును వెలయించెను. చింతామణియొక్క 5 పరిచ్ఛేదముల స్థానమున బాలవ్యాకరణమున 10 పరిచ్ఛేదములు కలవు. కారక, సమాస, తద్ధిత, కృదంతములు వానిలోఁ బ్రత్యేకస్థానమును బొందినవి.

నష్టమును దక్కువది కాదు. సూత్రకారుఁడును, భారతకర్తయు నొక్కఁడే యను విశ్వాసము స్థిరపడఁగానే పరీక్షకుఁ ద్వారము మూసికొనెను. మహాకవుల ప్రయోగము సూత్రముతో విరోధించినచోట సూత్రమునకుఁ గొఱఁత యున్నదేమో యని యడుగుటకు బదులు, ప్రయోగమును దిద్దుటయో, పాఠమును శంకించుటయో, ఆర్షమని ప్రక్కకు నెట్టుటయో సంభవించెను. సంస్కృతవ్యాకరణమున లక్ష్యమును మఱింత చూచినవానికిఁ బ్రామాణ్యము హెచ్చుచుండఁగా, తెలుఁగున నెంత ప్రాచీనమైన పేరైన నంత ప్రామాణ్యమను విపరీతక్రమ మేర్పడినది. పతంజలి మహాభాష్యమునఁ జక్కని దృష్టాంతము నిచ్చెను. కుండ కావలసినవాఁడు కుమ్మరి యింటికిఁ బోయి చేయించుకొనును. మాట కావలసినవాఁడు వైయాకరణుని యింటికిఁ బోయి, నాకు మాటలు చేసిపెట్టుమని యడుగఁడు. శబ్దములు లోకమునుండి వచ్చును. శాస్త్రము వానిని వివరించును. ఈ దృష్టి మఱుగుపడినపుడు పేరు శబ్దములపై దొరతనము చేయును.

ఆ మఱుగు క్రమముగాఁ దొలఁగినది. బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లోఁ బ్రౌఢవ్యాకరణమును వెలువరించి, బాలవ్యాకరణమున విడువఁబడిన విషయములను జేర్చెను. గిడుగు వేంకటరామమూర్తి 1933లోఁ బ్రకటించిన బాలకవిశరణ్యమునఁ బూర్వకవిప్రయోగములు వ్యాకరణవిధులకు లోఁబడని తావులను జూపెను. ఈ యిరువురి యాశయములు వేఱు. ఒకరు శాస్త్రమును బూరింపఁగోరిరి. ఇంకొకరు శాస్త్రముపేరఁ జెల్లుచున్న నిర్బంధమును సడలింపఁగోరిరి. అయినను ఇరువురును ఆశ్రయించినది లక్ష్యమునే, కర్తృనామమును గాదు.

పేరు లేకున్నను వాక్యము ప్రమాణము కాఁగలదనుటకు వ్యాకరణశాస్త్రమునందే ప్రబలమైన నిదర్శనము కలదు. 18వ శతాబ్దిలో నాగేశభట్టు పరిభాషేందుశేఖరమున సమకూర్చి విచారించిన పరిభాషలలోఁ బెక్కింటికి మొదటి వక్త యెవ్వఁడో యెవ్వరును జెప్పఁజాలరు. అయినను వానిని వైయాకరణులు నిరాకరింపరు. సూత్రములోని యొక పదము వ్యర్థమై జ్ఞాపకమగుటచేతనో, లోకన్యాయముచేతనో పరిభాష సిద్ధించినదా లేదా యని మాత్రమే విచారింతురు. సిద్ధించినచో స్వీకరింతురు, సిద్ధింపనిచో భాష్యకారుఁ డాదరించెనా లేదా యని చూచి విడుతురు. ఇట్లే తెలుఁగుదేశమున సుమతిశతకము ప్రతి బాలుని నాలుకపైనఁ గలదు. దానిని బద్దెనకృతమని చెప్పుదురుగాని, కర్త పేరు తెలిసికొని నీతి నేర్చికొన్న బాలుఁ డొక్కఁడును లేఁడు.

అట్లని పేరు నిష్ప్రయోజనమని చెప్పరాదు. సాక్ష్యము రెండు విధములు. చదువరి తానై పరీక్షింపఁగలది మొదటిది; వక్తను నమ్మియే గ్రహింపవలసినది రెండవది. ద్రుతముమీఁదఁ బరుషాక్షరము సరళముగా మాఱునను విధి మొదటి జాతిది. దానిని నన్నయ చెప్పినను, బాలసరస్వతి చెప్పినను, ఊరుపేరు తెలియని పండితుఁడు చెప్పినను, భారతమును విప్పి చూచి నిశ్చయింపవచ్చును. సారంగధరుఁడు మతంగపర్వతముచెంత సూత్రముల నిచ్చెనను మాట రెండవ జాతిది. దానిని జూచినవాఁడెవ్వఁడు, ఎప్పుడు చూచెను, ఎవ్వనికిఁ జెప్పెను, ఆతనికి నీ విషయమున లాభమున్నదా యని యడుగక గ్రహింపరాదు. ఇట్టిచోటఁ బేరు కావలయును. పేరు మాత్రమే చాలదు, ఇతరసాక్ష్యములతో సంవాదము కూడఁ గావలయును. నందంపూఁడి శాసనము నమ్మదగినదగుట నన్నయపేరున్నందున మాత్రమే కాదు. దాత, ప్రతిగ్రహీత, గ్రామము, సంవత్సరము ఇతరసాధనములతోఁ బొసఁగుచున్నవి గావున నది నమ్మఁబడుచున్నది.

ఈ విభాగముతోఁ జూచినచోఁ జింతామణి కథయందలి వైపరీత్యము స్పష్టమగును. అప్పకవి తన పేరు దాఁపలేదు. తన కాలము దాఁపలేదు. గ్రంథమున తన్నుఁ దాను వెల్లడించుకొనెను. అయినను ఆతఁడు చెప్పిన స్వప్నవృత్తాంతము చరిత్రకుఁ బ్రమాణము కాలేదు. సూత్రకర్త తన నిజనామముతో నేఁటికిని గానరాఁడు. అయినను ఆతని విధులలో లక్ష్యముతోఁ బొసఁగినవి శాస్త్రమునకుఁ బ్రమాణములై నిలిచినవి. పేరున్నవాని మాట నిలువలేదు. పేరు మఱుగుపడినవాని మాట నిలిచినది. కారణ మొక్కటియే: ఒకరి మాటకు లక్ష్యము సాక్షి, ఇంకొకరి మాటకు స్వప్నము సాక్షి.

కావున విద్యాలయములలోఁ జింతామణిని బోధించునపుడు రెండు మర్యాదలు పాటింపఁదగినవి. కర్తృత్వమును జెప్పునపుడు, నన్నయకృతమని సంప్రదాయము చెప్పుచున్నదనియు, దానికిఁ గేతనవాక్యము మొదలైన బాధకములు కలవనియు శిష్యునకు దాఁపక చెప్పవలయును. సూత్రమును జెప్పునపుడు మాత్రము కర్తృవివాదమును బ్రక్కనుంచి, లక్ష్యమును జూపవలయును. లక్ష్యము దొరకినచో నన్నయ కాఁడని సూత్రమును ద్రోయరాదు. లక్ష్యము విరోధించినచో నన్నయ చెప్పెనని సూత్రమును మోయరాదు. అట్లు చేసినచో నన్నయ గౌరవమునకు లోపము కలుగదు. భారతమున ఆదిసభాపర్వములును, అరణ్యపర్వభాగమును ఆతని కీర్తికిఁ జాలును. చింతామణి లేకున్నను వాగనుశాసనబిరుదము వాడదు.

లోపము కలిగినది, కలుగుచున్నది వేఱొకరికి. నన్నయ కర్త కాఁడేని, సంస్కృతప్రాకృతవ్యాకరణముల మర్యాద లెఱిఁగి, తెలుఁగుపలుకుబడిని దఱచి చూచి, నూఱు ఆర్యలకు లోపల భాషాస్వరూపమును బంధింపఁగలిగిన యొక విద్వాంసుఁడు కలఁడు. ఆతఁడు తానుగాఁ బేరు దాఁచుకొనెనో, పరు లాతని పేరు చెఱిపిరో చెప్పలేము. పెద్దపేరు క్రింద నాతని శ్రమకు నీడ దొరకినది. ఆ నీడలోనే యాతఁడు మఱుఁగైపోయెను. ఆతనికిఁ జెల్లింపఁదగిన ఋణము పేరు వెదకుటయందు సగము కలదు. మిగిలిన సగము, ఆతఁడు చెప్పిన ప్రతి విధిని లక్ష్యముతో సరిచూచుటయందుఁ గలదు. మొదటిది సాధ్యమగునో కాదో. రెండవది ప్రతి పండితునకును ప్రతిదినమును సాధ్యమే.